గంజి పోసిన చెట్టు

బెజవాడ,
శ్రావణ మాసం, 1946

చిరంజీవి పాండురంగయ్యకు నీ తండ్రి దీవించి వ్రాస్తున్న సంగతులు.

ఇక్కడ అందరమూ ప్రాణాలతో ఉన్నాము. మీ అమ్మకు జ్వరం తగ్గింది. చెన్నపట్నంలో నీ ఆరోగ్యమూ, మిల్లు పనీ సవ్యంగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరం చేరింది. పెరట్లోని పంపరపనస బ్రతుకుతుందా అని అడిగావు. ఇంకా చెప్పలేను. మీ బాబాయి కోటిలింగం కొత్త మగ్గానికి గుంట త్రవ్వుతూ, అడ్డం వచ్చిన వేళ్ళను గొడ్డలితో నరికాడని లోగడ వ్రాశాను. "చెట్టుకి వేళ్ళకేం కరువన్నయ్యా? మళ్ళీ వేసుకుంటది. నూలు దొరికినప్పుడే గదా నేసుకోవాల్సింది!" అన్నాడు. ఆ రోజుకు తగవు మాటలతోనే ఆగింది.

తరువాత ఆకులు పసుపుబారాయి, పిందెలు రాలాయి. మొన్న చెట్టు మొదట్లో మన్ను తీసి చూశాను. గొడ్డలి దెబ్బకు చీలిన వేళ్ళ కొసలను పదును కత్తితో నున్నగా కోశాను. కుళ్ళినవాటిని మంచి చేవ కనిపించేదాకా తెగ్గోసి, ఇసుక కలిపిన కొత్త మన్ను కప్పాను. మన్ను ఆరితేనే నీరు పోస్తున్నాము. మిగిలిన వేళ్ళు అన్ని కొమ్మలను పోషించలేవు గనుక పైన కూడా నరకవలసి వచ్చింది.

ఇక నీ రెండవ మాట. సెలవు పెట్టి వచ్చి బాబాయి రెండో చెయ్యి కూడా విరగ్గొడతానన్నావు. అది చదివి వినిపించగానే మీ అమ్మ విస్తరి ముందునుంచి లేచింది.

"వాడికి నిజం రాయండి. లేకపోతే నేనే రైలెక్కి పోయి చెబుతాను. మీరు రాత్రిబడిలో చదివింది అబద్ధాలు రాయడానికా?" అన్నది.

వీధిలో అందరికీ అర్జీలు వ్రాసిపెట్టేవాడిని. ఈ నాలుగు మాటలకు కలం సాగడం లేదు. లోగడ నీకు వ్రాసింది అబద్ధం; కోటిలింగం నా మీదికి గొడ్డలి ఎత్తలేదు. ముందుగా కొట్టింది నేను.

చెట్టు మొదట్లో పుల్లని కంపు కొడుతుంటే, వాడు రంగునీళ్ళు పోసి చంపుతున్నాడనుకున్నాను. వీధిలో పడుగు నూలు సాచి గంజి పెడుతున్నవాణ్ణి వెనుకనుంచి వెళ్ళి పలుగుతో కొట్టాను. కుడి మణికట్టు ఎముక చర్మం చీల్చుకొని బయటికి వచ్చింది. పడుగు మీదనే పడ్డాడు. తెల్లని పోగులన్నీ నెత్తురయ్యాయి. "ఎందుకన్నయ్యా?" అని అరిచాడు. నేను రెండోసారి ఎత్తాను. మీ అమ్మ పలుగు పట్టుకొని వ్రేలాడకపోతే వాడి తల పగిలేది.

మన్ను తీసినప్పుడు తెలిసింది. తెగిన వేళ్ళకు బలమని, పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని రోజూ పోసినది నేనే. నూలుకు బిగువునిచ్చేది చెట్టుకూ ఇస్తుందనుకున్నాను. అది పులిసి, బూజుపట్టి, వేళ్ళను కుళ్ళబెట్టింది.

నిన్న వాడి గడపలో నిలబడి ఇదంతా చెప్పాను. వాడు ఎడమ చేత గొడ్డలి పట్టుకొని పెరట్లోకి నడిచాడు.

"కొమ్మ పట్టుకో" అన్నాడు. అన్నయ్యా అనలేదు. పట్టుకున్నాను.

"ఎడం చెయ్యి నాది. గురి తప్పుద్ది. భయమైతే చెయ్యి తీయ్."

"తియ్యను."

మొదటి వేటుకు పేళ్ళు ఎగిరి ముఖాన తగిలాయి. రెండో వేటు నా ఎడమ బొటనవేలి తోలు లేపింది. నెత్తురు చూసి వాడు ఆగాడు. నా కళ్ళలోకి చూశాడు.

"దీంతో సరిపోద్దనుకోకు. కదలకుండా పట్టుకో" అన్నాడు.

కొమ్మ తెగి పడేదాకా పట్టుకొనే ఉన్నాను.

పెడతానన్న సెలవు మానుకోవద్దు. తప్పక రా. మీ బాబాయి మగ్గం ఊరకే ఉన్నది. నెత్తురు పట్టిన పోగులు తీసివేసి, కొత్తవి ముడులు వేసి ఇస్తాను. వాడి గుంటలో కూర్చొని ఆ పడుగు నీవు నేసిపెట్టాలి.

ఇట్లు,
నీ తండ్రి
వెంకటప్పయ్య