రొట్టెకు ఇస్త్రీ

ఆగస్టు 9, శుక్రవారం
ఇస్త్రీ షాపు నుంచి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

మీ నాన్న మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం, నా ఇస్త్రీపెట్టె క్షేమం, నా మోకాలి నొప్పి మా ఇద్దరికంటే క్షేమం. మీ ఆయన కూడా నిక్షేపంలా ఉన్నాడు, అది నా ఖర్మ. అక్కడ మీ పిన్నీ బాబాయీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాళ్ళింట్లో తెల్లారకముందే రేడియో మోగుతుంది, నీకు నిద్ర సరిపోతోందో లేదో రాయి.

నీ ఉత్తరం అందింది. మీ ఆయనకు బుద్ధి వచ్చిందా, ఆ పెట్టెను బయట పారేశాడా అని అడిగావు. బుద్ధి రాలేదు. పెట్టె ఎక్కడికీ పోలేదు. నేను ఈ ఉత్తరం రాస్తున్న బల్ల మీదే, నా మోచేతికి మూరెడు దూరంలో కూర్చుని పొగలు కక్కుతోంది.

అసలు ఇక్కడికి ఎలా దాపురించాడో చెబుతాను. నువ్వు అలిగి పుట్టింటికే వచ్చి ఉంటావనుకుని, ఆ పెట్టెను చంకన పెట్టుకుని దిగాడు. నువ్వు ఇక్కడ లేవు, పిన్ని దగ్గరికి పోయావు అని చెప్పాను. మర్యాద తెలిసినవాడైతే ఆ మాటతో వెనక్కి తిరుగుతాడు. ఈయనగారు గడప మీద కూలబడి, షాపులో పెద్ద ప్లగ్గు ఉంది కదా మామయ్యగారూ అన్నాడు. ప్లగ్గు కోసం అత్తారింట్లో తిష్ట వేసిన అల్లుణ్ణి నువ్వెక్కడైనా చూశావా? నేను చూస్తున్నాను, రోజూ.

దాన్ని పానీనీ ప్రెస్ అంటారట. కింద ఒక ఇనుప పలక, పైన ఒక ఇనుప పలక, రెండింటికీ దున్నిన చేలో ఉన్నట్టు చాళ్ళు. మధ్యలో రొట్టె పెట్టి మూత దించితే రొట్టె నొక్కుకుపోయి చారలు పడతాయి. ఈ మాత్రం భాగ్యానికి ఒక యంత్రం, దానికి ఒక ఎర్ర లైటు, ఒక పచ్చ లైటు. నేను ఇన్నేళ్ళూ బట్టల ముడతలు తీసి బతికాను. నా అల్లుడు నున్నటి రొట్టెకు ముడతలు పెట్టి బతుకుతాడట. ఈ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను. అందరూ నవ్వుతారు. మీ ఆయనా నవ్వుతాడు, సిగ్గు లేకుండా.

మొదట్లో అతగాడి పనితనం చూసి తీరాలి. పచ్చ లైటు వెలిగేదాకా ఆగేవాడు కాదు. చల్లటి పలక మీద రొట్టె పరిచి, మూత మీద రెండు చేతులూ వేసి, పారిపోయే దొంగను పట్టుకున్నట్టు అదిమేవాడు. చీజు ఒక పక్క నుంచి, టమాటా నీళ్ళు ఇంకో పక్క నుంచి బయటికి వచ్చేవి, మధ్యలో ఏమీ మిగిలేది కాదు. ఉండబట్టలేక నేనే కల్పించుకున్నాను. చొక్కా అయినా రొట్టె అయినా కాస్త తడి చేస్తేనే వేడి పడుతుంది అని, నా సీసాతో నాలుగు చిలకరింపులు కొట్టాను. రొట్టె పిండిముద్ద అయి పలకకు అతుక్కుపోయింది. గోకడానికి సాయంత్రం దాకా పట్టింది. నా పద్ధతిలో లోపం లేదు, రొట్టె నాసిరకం.

శాండ్‌విచ్‌లతో ఊరుకుంటే ఓర్చుకునేవాణ్ణి. కంటికి కనబడ్డదల్లా ఆ ఇనుప నోట్లో పెడుతున్నాడు. వంకాయ చక్రాలు పెట్టాడు. ఉడికిన బంగాళాదుంపలు పెట్టి చితక్కొట్టాడు. కోడిమాంసం పెడితే ముక్క ఒకవైపు లావుగా ఉండి, మూత ఏటవాలుగా నిలబడింది, సగం మాడి సగం పచ్చిగా వచ్చింది. ఒకరోజు గిలకొట్టిన గుడ్డు తిన్నగా పలక మీద పోశాడు. పోస్తే ఆగుతుందా? చాళ్ళ వెంట జారి, పెట్టె కింద జిడ్డు పట్టే గిన్నె నిండి, ఇస్త్రీకి వచ్చిన బ్యాంకు మేనేజరు ప్యాంటు మీదికి కారింది. మర్నాడు రొట్టె మధ్యలో గుంట తీసి అందులో గుడ్డు కొట్టాడు, అప్పుడు నిలిచింది. ఆ కాస్తకే కోట గెలిచినవాడిలా నా వంక చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

బంగాళాదుంపలు పైన కరకర, లోపల మెత్తన. బాగున్నాయని నేను అనలేదు. మళ్ళీ వడ్డించుకున్నానంటే అది ఆకలి, మెప్పు కాదు.

షాపు పరువు చెప్పనే అక్కర్లేదు. బట్టలకు చీజు వాసన వస్తోందని పక్క వీధి టీచరమ్మ దెబ్బలాడింది. దెబ్బలాడుతూనే ఆ వాసన దేనిది అని అడిగి, ఒకటి కట్టించుకుని పోయింది. ఇప్పుడు కొందరు బట్టలు లేకుండానే వస్తున్నారు. ఇస్త్రీ షాపుకు బట్టలు లేకుండా వచ్చేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.

ఇంకో ఘనకార్యం విను. మొన్న నా ఇస్త్రీపెట్టె కాయిల్ కాలిపోయింది. వకీలు కోర్టుకు పోవాలి, గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. అతని చొక్కాకు కాలర్ ఒక్కటే మిగిలింది. ఏం చేయను? ఆ రొట్టె పెట్టె వేడిగా ఉంది కదా అని కాలర్‌ను అందులో పెట్టి మూత దించాను. తీసి చూస్తే కాలర్ నిండా గోధుమరంగు చారలు, పైగా వెన్న మరకలు. వకీలు గుడ్లురిమాడు. నేను నోరు తెరిచేలోపే మీ ఆయన ముందుకొచ్చి, తప్పు నాదేనండీ, నేనే పెట్టాను అనేశాడు. అడిగినవాడెవడు? వకీలు నానా మాటలూ అంటుంటే తల ఊపుతూ, చల్లగాలికి కూర్చున్నవాడిలా హాయిగా విన్నాడు. తిట్టించుకోవడం అంత సుఖంగా ఉండే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దీన్ని మంచితనం అంటారా, మందబుద్ధి అంటారా? నేను రెండోదే అంటాను.

మతిమరుపు ఒకటి. మధ్యాహ్నం మా భోజనానికి రెండు రొట్టెలు చేస్తాడు కదా, అందులో ఒకటి ఉల్లిపాయ లేకుండా చేస్తాడు. రోజూ ఇదే వరస. ఉల్లిపాయ లేనిదే నాకు ముద్ద దిగదని తెలుసు. ఎందుకయ్యా నీకీ పాడు అలవాటు అంటే, చేయి అలా పోతుందండీ అంటాడు. ఉల్లిపాయ ఉన్నది తను తినేసి, ఆ చప్పిడిది నా ముందు పెడతాడు.

నువ్వు రాసిన అసలు మాటకు వస్తాను. ఆయన బుద్ధిగా ఆఫీసుకు పోతానంటే తిరిగి వస్తాను, లేకపోతే ఇక్కడి స్కూల్లో సోమవారం చేరిపోతాను, వేరే గది కూడా చూసుకున్నాను అని రాశావు. ఆఫీసువాళ్ళే ఉద్యోగంలోంచి తీసేసి ఉంటే పక్కనే కూర్చునేదాన్ని నాన్నా, ఉన్నది పంచుకుని తినేదాన్ని, కానీ రొట్టెల మీద మోజుతో బంగారంలాంటి కుర్చీని తనే కాలదన్నుకున్నాడు, నన్ను ఒక్క మాట కూడా అడగలేదు, దాన్ని మాత్రం క్షమించలేను అన్నావు. నిన్న ఈ వాక్యం అతగాడికి వినబడేలా గట్టిగా చదివాను, ఇప్పటికైనా చురుక్కుమంటుందేమోనని. పెట్టెలో ఉన్న రొట్టెను బొగ్గు చేశాడు. షాపంతా పొగ.

కాబట్టి నీ కోపంలో నేను ఒక్క చుక్క కూడా తగ్గించమని చెప్పను. అతగాడు కొరగాని మనిషి, పెట్టె కొరగాని పెట్టె. నీ నిర్ణయం నీది. పిన్నిని అడిగానని చెప్పు. ఒంట్లో జాగ్రత్త.

ఇట్లు,
దీవెనలతో,
మీ నాన్న

తా.క. పైదంతా మీ ఆయనకు చదివి వినిపించాను. పోస్టు చేసేముందు ఒకసారి వింటానని అడిగాడు, అందుకు కారణం ఉంది. తిట్లలో ఒక్కటి కూడా కొట్టేయమనలేదు. ఇంకా నాలుగు రాసినా పరవాలేదు మామయ్యగారూ, ఆ ఒక్కటీ లేదు, అంతే చాలు అన్నాడు. ఈ కింది ముక్క పోస్టాఫీసు బల్ల మీద, గొలుసుతో కట్టేసిన పెన్నుతో రాస్తున్నాను. అతగాడు వినలేదు.

అమ్మా, మీ ఆయన ఉద్యోగం మానలేదు. తీసేశారు. ఆ ఆఫీసు వాచ్‌మన్ యూనిఫారం నా దగ్గరే ఇస్త్రీ. అతను మొన్నొక పొద్దున వచ్చి మీ ఆయన్ని చూసి, సార్, మీ సెక్షన్ మూసేసి అందరినీ ఇంటికి పంపేశారు కదా, మళ్ళీ ఎక్కడైనా దొరికిందా అని అడిగాడు. మీ ఆయన చేతిలో చీజు ముక్క అలాగే ఉండిపోయింది. ఆ రోజు షాపు తలుపులు దగ్గరికి వేసి అడిగితే అప్పుడు చెప్పాడు. చాలా రోజులు ఆఫీసుకని బయల్దేరి పార్కులో కూర్చున్నాడట. తీసేశారు అనే మాట నీ ముందు నోట్లోంచి రాలేదట. నేనే మానేశాను అన్నాడు. ఎందుకు మానేశావు అంటావు కదా, ఆ అబద్ధం నిలబడడానికి ఏదో ఒకటి చూపించాలి కదా, దుకాణంలో ఎదురుగా కనబడ్డ పెట్టెను కొనుక్కుని వచ్చాడు. అంతకుముందు ఆ మనిషి ఒక్క గుడ్డు ఉడకబెట్టి ఎరగడు, నీకు తెలుసు.

నీ దృష్టిలో పిచ్చివాడైనా పరవాలేదు గానీ, నువ్వు జాలిపడి చూస్తే తట్టుకోలేడట. తిట్లు ఎన్నయినా తింటాడు, జాలి ఒక్కటి మింగుడు పడదు. ఇంతకంటే పనికిమాలిన పౌరుషం నేను ఎక్కడా చూడలేదు. తీసేసి ఉంటే పక్కన కూర్చునేదాన్ని అని నువ్వు రాసిన మాట విన్నాక కూడా నోరు విప్పలేదు చూడు, అప్పుడే నాకు ఒళ్ళు మండింది. ఎవరికీ నోటితో చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. నోటితో చెప్పలేదు. చేతి సంగతి ఎవరూ అడగలేదు.

అబద్ధం కోసం కొన్న పెట్టె మీద నిజంగానే వంట నేర్చుకున్నాడు, అదొకటి.

సోమవారం ఆ స్కూల్లో చేరితే చేరు, నీ ఇష్టం. కానీ ముందు ఒకసారి వచ్చి, నీ ఎదురుగా నిలబెట్టి, నాలుగు తిట్టి, అప్పుడు పో. జాలి మాత్రం పడకు, పారిపోతాడు. ఆ ఉల్లిపాయ లేనిది ఎవరి కోసమో నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాన్ని కాగితంలో చుట్టి బల్ల చివర పెడతాడు, వీధి మలుపు దాకా రెండుసార్లు చూస్తాడు, చల్లారాక నా వైపు తోస్తాడు. ఆ చప్పిడి రొట్టె తినలేక చస్తున్నాను. నీది నువ్వు వచ్చి తిను.