గంట మోగేదాకా

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాశాను. అందులో నిజమెంతో ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నువ్వే తేల్చుకో. నువ్వూ, తమ్ముడూ, మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మంగళవారం నీ ఉత్తరం అందింది. నువ్వడిగిన వాటికి ముందు జవాబులు రాస్తాను. లేకపోతే, అడిగింది చెప్పదు, అడగనిది ఆపదు అంటావు.

చిన్నదాని చేతికి కట్టు విప్పేశారు. కుట్లు మానాయి. ఉంగరపు వేలు బాగానే వంగుతోంది. నడిమి వేలి చివరి కణుపు మాత్రం వంగడం లేదు, ఇక వంగదట. గోరు వస్తుందో రాదో ఆరు నెలలు చూడాలన్నారు. రెండేళ్ళ పిల్ల కదా, అలవాటు పడిపోతుందిలెండి అన్నారు డాక్టరు గారు, చెప్పుల జత గురించి చెప్పినంత తేలిగ్గా. మా బుడంకాయ అప్పుడే ఎడం చేత్తో చెంచా పట్టడం నేర్చేసింది. సగం తింటుంది, సగం గోడకి తినిపిస్తుంది.

రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, ఒక ఉత్తరం రాయడానికి తీరిక లేదా అని అడిగావు. ఉందమ్మా. ఈ రెండు పేరాలు రాయడానికి నిన్న పొద్దున్నుంచి ఇప్పటిదాకా పట్టింది. మొదటి వాక్యం పాలు పొంగేలోపు రాశాను. రెండోది రాస్తుంటే చిన్నది తన బూట్లు తీసుకెళ్ళి బట్టలుతికే యంత్రంలో వేసింది. మూడోదానికి పెన్ను కనపడలేదు. పెద్దదాని మేజోడు ఒకటే దొరికింది, రెండోదాని కోసం బడి బస్సు రెండు నిమిషాలు ఆగి హారను కొట్టి వెళ్ళిపోయింది. దాన్ని బడి దాకా నడిపించి, చిన్నదాన్ని చంకనేసుకుని తిరిగొచ్చి, తుడిచిన నేలనే మళ్ళీ తుడిచాను. సాయంత్రం ఆయన వచ్చి, ఏం చేశావు ఇవాళ అని మామూలుగానే అడుగుతారు. చెడ్డ మనిషి కాదు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఆయన చేసిన పని కళ్ళముందు పైకీ కిందికీ తిరుగుతూ కనిపిస్తుంది. నేను చేసిన పని సాయంత్రానికి మాసిపోతుంది. ఏం లేదండీ అంటాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను మోగగానే మరదలు దాన్ని స్పీకరులో పెడుతుంది, తమ్ముడు పక్క గదిలోంచే కుశలం అడుగుతాడు. ఈ మాటలు ఆ ఇంట్లో ముందు నువ్వొక్కదానివే చదవాలి.

ల్యాబు ఉద్యోగం మానేసి మంచిపని చేశావు, ఇంట్లో తల్లి ఉండగానే ఇలా జరిగితే, లేకపోతే ఇంకేమయ్యేదో అని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, నువ్వూ అడగలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తంలో కణాలు లెక్కపెట్టడం. లెక్క మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అందుకని ఆ గది తలుపు మీద, లెక్క జరుగుతోంది, పిలవవద్దు అని పలక వేలాడేది. పెద్ద డాక్టరు గారు కూడా బయట నిలబడేవారు. నేను మానేసిన రోజు అక్కడివాళ్ళు అక్కడ వాడే గంట టైమరు ఒకటి బహుమతిగా ఇచ్చారు. గుండ్రంగా ఉంటుంది, ఎన్ని నిమిషాలు కావాలో అంతవరకు తిప్పితే, అయ్యాక గంట మోగుతుంది. ఇంట్లో దీనితో ఏం పని అనుకున్నాను.

ఎందుకు మానేశానో నీకు గుర్తుందా? పెద్దది పుట్టినప్పుడు దాన్ని పగలు ఎవరి దగ్గరైనా వదిలి పనికి వెళ్తానంటే, నీ సంగతి నీకు తెలుసు కదా, తమ్ముడి విషయం మర్చిపోయావా అన్నావు. అంతకుముందు నా పెళ్ళిలో మా అత్తగారితోనూ చెప్పావట, మా అమ్మాయి అన్నిట్లో చురుకే గానీ పిల్లల విషయంలో కాస్త అజాగ్రత్త, కనిపెట్టి ఉండండి అని. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ. నేను ఆరేళ్ళ వయసునుంచీ వింటున్నాను, విని విని నిజమనుకున్నాను. నాలాంటిది పిల్లల్ని వదిలి కదలకూడదని నేనే రాజీనామా రాసిచ్చాను.

ఇక అసలు సంగతి. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడనీ.

చిన్నది నడక నేర్చాక నేను ఒంటరిగా ఉన్న క్షణం లేదు. స్నానాల గది గడియ వేస్తే తలుపు కిందినుంచి వేళ్ళు లోపలికి వచ్చేవి. అన్నం నోట్లో పెట్టుకుంటే ఆ నోరు తెరిచి చూసేవాళ్ళు. ఒకరోజు పెద్దది అడిగింది, నాన్న ఆఫీసుకి వెళ్తాడు కదా, నువ్వెందుకు వెళ్ళవు అని. నేనూ వెళ్తాను అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. వసారా చివర చీపుర్లూ, బకెట్లూ, పాత పెట్టెలూ పెట్టే గది ఉంది. అదే అమ్మ ఆఫీసు అని చెప్పాను. టైమరు పన్నెండు నిమిషాలకి తిప్పి పెద్దదాని చేతిలో పెట్టాను. గంట మోగేదాకా అమ్మ ఇంట్లో లేనట్టే, పిలవకూడదు, తలుపు కొట్టకూడదు అన్నాను. దానికి ఆ ఉద్యోగం ఎంత నచ్చిందో! వాళ్ళ నాన్న దాన్ని పంతులమ్మ అని పిలిచేది ఊరికే కాదు. చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి, వేలు చూపించి, కదలకు అనేది. నేను లోపల బోర్లించిన బకెట్టు మీద కూర్చునేదాన్ని. ఏం చేసేదానివి అంటావేమో. ఏమీ చేసేదాన్ని కాదు. ఎవరికీ పెట్టకుండా ఒక బిస్కెట్టు తినేదాన్ని. అలా నాలుగు నెలలు రోజూ జరిగింది.

ఆ రోజు చిన్నది లేచి నాకోసం వసారా వైపు పరిగెత్తింది. పెద్దది ముందుకెళ్ళి వసారా తలుపు మూసింది, నా ఆఫీసు చెడకూడదని. తలుపు పూర్తిగా పడకపోతే ఇంకా గట్టిగా నెట్టింది. చిన్నదాని వేళ్ళు బందుల వైపు సందులో ఉన్నాయి.

నేను మేడమీద బట్టలు ఆరేస్తున్నానని నీకు రాశాను. ఆయనకీ అదే చెప్పాను. నేను మేడమీద లేను. నాకు ఏడుపు వినపడింది. అమ్మా, శుభ్రంగా వినపడింది. చేతి గడియారం చూసుకున్నాను, ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. పడి ఉంటుంది, పెద్దది చూసుకుంటుందిలే అనుకున్నాను. అంతలో ఏడుపు తగ్గింది. చూశావా, ఊరుకోబెట్టేసింది అని మురిసిపోయాను కూడా. మిగిలిన బిస్కెట్టు ముక్క తినేశాను. గంట మోగింది. రోజూలాగా ఎవరూ పరిగెత్తుకుని రాలేదు.

తలుపు తీసి చూస్తే పెద్దది నేలమీద కూర్చుని ఉంది. చెల్లెలు దాని ఒళ్ళో ఉంది. ఆ చేతిని తన గౌనులో చుట్టి పట్టుకుంది, గౌనంతా నెత్తురు. రెండో చెయ్యి చెల్లెలి నోటికి అడ్డంగా పెట్టి, అమ్మ ఆఫీసులో ఉంది, అమ్మ ఆఫీసులో ఉంది అంటోంది.

టాక్సీలో నేను పెద్దదానికి చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసా? నీకు దెబ్బ తగిలిందా అని కాదు. ఆఫీసు ఆట గురించి ఎవరికీ చెప్పకు అన్నాను. ఐదున్నరేళ్ళ పిల్ల సరేనంది. ఆసుపత్రిలో డాక్టరు గారు ఎలా జరిగింది పాపా అని అడిగితే నా మొహం చూసి, నేను సరిగ్గా చూసుకోలేదు అని చెప్పింది. వాళ్ళ నాన్న వచ్చి, అమ్మ రెండు నిమిషాలు చూడమంటే చూడలేవా అని దానిమీద కేకలేశారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ రోజునుంచి ఆయన దాన్ని పంతులమ్మ అని పిలవడం మానేశారు. బంధువులు ఫోను చేసినప్పుడల్లా అదే కథ చెబుతున్నారు. అది వింటూ పక్కనే బొమ్మలు సర్దుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లో ఎవరు తలుపు మూయబోయినా ముందు వెళ్ళి బందుల దగ్గర తన చెయ్యి పెడుతుంది. కిందటి వారం ఒక మధ్యాహ్నం టైమరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, ఆఫీసుకి వెళ్ళు. ఈసారి నేను తలుపు వెయ్యను."

నేను దాన్ని దగ్గరికి తీసుకోలేకపోయాను. కూరగాయలు తరుగుతున్నానని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇలా ఉండగా నీ ఉత్తరం వచ్చింది. అందులో మనవరాలికని పెద్ద పెద్ద అక్షరాలతో వేరే కాగితం పెట్టావు. చెల్లెల్ని కంటికి రెప్పలా చూసుకోవాలి, మీ అమ్మ చిన్నప్పుడు చూసుకోనందుకు మీ మామయ్యకి ఏమైందో మీ అమ్మనే అడుగు అని. ఆయనకి అది బాగా నచ్చింది. ఆదివారం దాన్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తానన్నారు. కానీ అది అక్షరాలు కూడబలుక్కుంటోంది కదా, ముందే చదివేసి అడగనే అడిగింది.

"మామయ్యకి ఏమైందమ్మా?"

ముప్పై ఏళ్ళుగా అప్పజెప్పిన పాఠం కదా, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను. నాకు ఆరేళ్ళు, మామయ్యకి రెండేళ్ళు. అమ్మమ్మ పాలు తేవడానికి వీధి చివరికి వెళ్ళింది. తమ్ముణ్ణి చూస్తుండమంది. నేను చూడలేదు. వాడు వేణ్ణీళ్ళ బకెట్టు లాక్కున్నాడు. నేను అరిస్తే పక్కింటి కుట్టుపని ఆవిడ పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకుంది. తర్వాత అమ్మమ్మ వచ్చింది.

అక్కడ ఆగిపోయాను. నువ్వు ఎటునుంచి వచ్చావో కళ్ళకి కట్టింది. వీధి తలుపులోంచి కాదు, లోపలి గదిలోంచి వచ్చావు. చెప్పుల్లేవు, చేతిలో పాలగిన్నె లేదు. నీ ఎడం చెంపమీద దిండు అంచు గీత ఎర్రగా పడి ఉంది. ఆ గీత నాకు ఎప్పుడూ గుర్తే ఉంది. అదేమిటో ఇప్పుడు తెలిసింది.

నిద్రపోయినందుకు నిన్ను తప్పు పట్టను. ఇద్దరు పిల్లలతో, నీళ్ళు మోసి, వంట చేసి, మధ్యాహ్నం ఒక్క కునుకు తీస్తే అది నేరమా? పిల్లలున్న ఇంట్లో పన్నెండు నిమిషాలు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నువ్వు నిద్రపోయింది ఆ ఒక్క మధ్యాహ్నమే. తర్వాత ముప్పై ఏళ్ళూ మెలకువగానే ఉన్నావు కదా. వాడు మెడమీది మచ్చ చూపించి, ఇది మా అక్క సంతకం అని నలుగురిలో నవ్వినప్పుడు నువ్వు మెలకువగానే ఉన్నావు. నాన్న పోయేముందు కూడా, తమ్ముడు జాగ్రత్త, ఇప్పుడైనా చూసుకో అని నాతో అన్నప్పుడు మంచం పక్కనే ఉన్నావు. మా అత్తగారికి నన్ను అప్పజెప్పినప్పుడు, నేను ఉద్యోగం వదులుకున్నప్పుడు, మంగళవారం అందిన ఆ కాగితం రాసినప్పుడు కూడా మెలకువగానే ఉన్నావు. నన్నెందుకు అలా వదిలేశావని అడుగుదామనుకున్నాను. అడిగే మొహం నాకెక్కడిది? నేనూ మూడు వారాలనుంచి అదే చేస్తున్నాను.

నిన్న చిన్నది నిద్రపోయాక పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. నాకు ఏడుపు వినపడింది, విని కూడా రాలేదు అని చెప్పాను. నన్ను ఓదార్చడానికి అది నా మోకాలిమీద చెయ్యి వేసి అంది:

"గంట మోగలేదు కదమ్మా."

ఇంకేం రాయను? ఇంత విన్నా అది నన్నే వెనకేసుకొస్తోంది. నేను నిన్ను వెనకేసుకొచ్చినట్టే, ఇంకో ముప్పై ఏళ్ళు వెనకేసుకొస్తుంది. దాన్ని అలా పెరగనివ్వను.

నీ కాగితం చింపేశాను. ఈ ఉత్తరం ఇప్పుడే కవరులో పెట్టి అంటించడం లేదు. ఆయన తాళాలు పెట్టే బల్లమీద విప్పి పెడుతున్నాను. సాయంత్రం రాగానే కనపడుతుంది. ఆయన చదివాక, రేపు ఆదివారం, దాని ఎదురుగానే ఏం జరిగిందో నా నోటితో చెబుతాను. ఆయన నన్నేమంటారో తెలియదు. భయంగానే ఉంది. ఏమన్నా దాన్ని మాత్రం ఇక అననివ్వను. ఆ తర్వాతే నీకు పోస్టు చేస్తాను.

నాకు జవాబు రాయొద్దమ్మా. నువ్వు రాయాల్సింది నాకు కాదు. తమ్ముడు పక్క గదిలోనే ఉంటాడు, కేకేస్తే వస్తాడు. వాణ్ణి కూర్చోబెట్టుకుని ఆ మధ్యాహ్నం నువ్వెక్కడున్నావో చెప్పు. చెప్పలేకపోతే ఈ ఉత్తరం వాడి చేతికివ్వు. మందులు వేళకి వేసుకో.

ఇట్లు,
అప్పటికి ఆరేళ్ళున్న
నీ కూతురు