అడగడానికి ఒక మనిషి

శుక్రవారం, తిరుపతి

మరమ్మతు చేయించిన వంటింటి మిద్దె సాయంత్రం వానకు మళ్లీ కారింది. కూడలిలో పని కోసం నిలబడిన ఒరిస్సా మేస్త్రీని కాదని లైసెన్సున్న కాంట్రాక్టరుకు ఒప్పజెప్పింది, రేపు ఏదైనా అయితే అడగడానికి ఒక మనిషి ఉంటాడనే కదా. తీరా అతను పనికి పంపింది ఆ మేస్త్రీనే! నేను పలకరించబోతే కాంట్రాక్టరు అడ్డొచ్చి, "ఏమున్నా నాకు చెప్పమ్మా, వాళ్లతో మాట్లాడబాక" అన్నాడు.

ఇప్పుడు ఫోన్ చేస్తే, "పని చేసింది ఆ ఒరిస్సావాళ్లు గదమ్మా. వాళ్లు ఊరికి పోయినారు. నన్నడిగితే నేనేం జేసేది?" అంటాడు.

కింద బక్కెట్టు పెట్టాను. చుక్క పడినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

పైగా, "ఈసారి బీహారోళ్లను పంపిస్తాలే" అని నాకు ధైర్యం చెప్పాడు.

సరేనన్నాను. ఇంకెవరిని అడగను?