పులిపిరి అని చెప్పాను

గురువారం రాత్రి, కారంపూడి

ఈరోజు గుంటూరులో నా ముక్కు పక్కనున్న మచ్చను లేజర్‌తో కాల్చేశారు. మత్తు సూది వేసి, కళ్ళు మూసి పైన అద్దాలు పెట్టారు. నొప్పి తెలియలేదు గానీ, నా చర్మమే కాలిన వాసన ఇంకా వదలడం లేదు.

మచ్చలోంచి చిన్న ముక్క తీసి చేసిన పరీక్షలో క్యాన్సరని తేలి నెలయింది. నా భార్య రమణకు మాత్రం పులిపిరి అనే చెప్పాను. ఈరోజు డాక్టరమ్మ ఆమె ముందే, "ఇది చర్మం పైపైన ఉండే క్యాన్సర్. లోపలికి పోలేదు, ప్రాణానికి భయం లేదు. చేలోకి వెళ్ళేటప్పుడు మాత్రం మొహానికి ఎండ తగలనీయొద్దు" అనేసింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సు నరసరావుపేట దాటగానే రమణ నా వైపు తిరిగింది. ఒక్కసారిగా, "ఏందయ్యా, ఇంత మాట కడుపులో పెట్టుకొని నెల రోజులు నా ఎదురుగా అన్నం ఎట్టా తిన్నావు?" అంది.

"నువ్వు భయపడతావని..."

"భయపడతా. భయపడతానే నీ ఎంట వస్తా. అంతేగా!"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ నెలంతా ఆ మచ్చ కన్నా నా అబద్ధమే నన్ను ఎక్కువ తినేసింది.

మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవాలట. తిరిగి వస్తుందేమోనన్న బెరుకు ఇంకా ఉంది.

ఇందాక కట్టు కొంచెం ఎత్తి అద్దంలో చూసుకోబోతే, రమణ అద్దం లాగేసుకుంది.

"దాన్ని కదపమాక. విప్పమన్న రోజున ఇద్దరం కలిసి చూద్దాం" అంది.