గురువారం డబ్బా

కోడలికి,

ముందు ఆశీస్సులు, వెంటనే అక్షింతలు.

నా కొడుకు ఉత్తరం చదివి కడుపు తరుక్కుపోయింది. ఆదివారం ఒక్కరోజే పెద్ద గిన్నెలో వారానికి సరిపడా వండేసి, డబ్బాల్లో సర్ది, ఫ్రిజ్‌లోకి తోసేస్తున్నావట. మిల్లులో వాడి షిఫ్టులు సగమైనంత మాత్రాన మొగుడికి పాచికూడు పెడతావా? మా ఇంట్లో పూటపూటా పొయ్యి వెలిగింది. శనివారం బస్సెక్కుతున్నాను. ఇకమీదట నీ వంటగది నాకు వదిలెయ్.

మీ అత్తయ్య

తా.క. నా గరిటె నేనే తెచ్చుకుంటాను.

---

అత్తయ్యకి,

నమస్కారం ముందే పెట్టేస్తున్నాను, చివరిదాకా ఓపిక ఉంటుందో లేదో.

పొద్దున ఎనిమిదికల్లా నేను యూనిఫాంలు కుట్టే షెడ్డులో మిషను ముందు కూర్చోవాలి. పూటపూటా పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఆదివారం వండుతాను, మనిషికొకటి చొప్పున రోజుకి నాలుగు డబ్బాలు. మిగిలిన కూర రొట్టెల్లోకి దూరుతుంది. అప్పటికీ మిగిలితే నీళ్ళు పోసి సూపంటాను. సరుకులు నెలాఖరు దాకా వస్తున్నాయి, పిల్లలు కడుపునిండా తింటున్నారు. గురువారం మాత్రం ఎందుకో ఒక డబ్బా తక్కువొస్తోంది. ఆ పూట నేను మంచినీళ్ళతో సరిపెట్టుకుంటాను.

మీరు రండి, కూర్చోండి, తినండి. వంటగది మాత్రం ఇవ్వను.

మీ కోడలు

తా.క. ఇక్కడ గరిటెలు నాలుగున్నాయి. అంత దూరం బరువెందుకు?

---

అమ్మాయ్,

నీ నోటికో దండం. వాడి మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదువుకో: "అమ్మా, ఆకలికి ఆగలేక సోమవారం నాడు గురువారం డబ్బా తిన్నాను." నాలుగు రోజుల కిందటి కూడు. నా బిడ్డ ఆకలికి ఆగలేక అదే తిన్నాడు. మీ మావయ్య విని కళ్ళు తుడుచుకున్నారు. శనివారం దాకా ఆగను, శుక్రవారమే దిగుతున్నాను.

అత్తయ్య

తా.క. ఆ పెద్ద గిన్నె తోమి ఉంచు. అటకెక్కిస్తాను.

---

అత్తయ్యకి,

మీ ఉత్తరం మిషను ఆపి మరీ మూడుసార్లు చదివాను.

డబ్బా మీద నేను రాసేది వండిన రోజు కాదు, తినాల్సిన రోజు. వండేదే ఆదివారం కదా, గురువారం ఎక్కణ్ణించి వస్తుంది? మీ అబ్బాయి చెప్పుకున్నది గోడు కాదు, నేరం ఒప్పుకున్నాడు. మధ్యాహ్నమే ఇంటికొచ్చి, తన డబ్బా తిని, గురువారం వంతు కూడా లాగిస్తున్నాడన్నమాట. కొలత నాకే తప్పుతోందనుకుని రెండు నెలలుగా గురువారాలు పస్తున్నాను. ఒళ్ళు మండిపోతోంది.

గిన్నె పొయ్యి మీదే ఉంటుంది. వంటగది నాదే.

కోడలు

తా.క. గరిటె తప్పకుండా తీసుకురండి. ఇప్పుడు దాంతో పనుంది.

---

అమ్మాయ్,

తప్పు నాది. ఈ మాట జన్మకి ఒక్కసారే రాస్తాను, దాచుకో. టిక్కెట్టు వాపసిచ్చేశాను. వంటగది నీది. వచ్చే రెండు నెలలూ గురువారాలు వాడే పస్తుంటాడు, డబ్బాలన్నీ వాడే కడుగుతాడు. వాడికి విడిగా రాశాను.

నీ పద్ధతి ఎంత దండగో తేల్చేద్దామని ఆదివారం నేనూ వారానికి సరిపడా వండాను. డబ్బాల మీద రోజులు రాశాను. నిన్నా ఇవాళా పొయ్యి మొహం చూడలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి పట్టపగలు కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎవరికీ చెప్పకు.

మీ అత్తయ్య

తా.క. వాడికి ఆ గుణం ఎవరి నుంచి వచ్చిందా అనుకునేదాన్ని. ఇవాళ మంగళవారం. శనివారం డబ్బా కనబడడం లేదు. మీ మావయ్య పెరట్లో నిలబడి మూతి తుడుచుకుంటున్నారు. ఫ్రిజ్‌కి తాళం ఎక్కడ దొరుకుతుందో వెంటనే కనుక్కుని రాయి. రెండు కొను.