శ్రీరస్తు చుట్టూ చిలకలు

ఐన్ ఖాలిద్, దోహా
మార్చి, 1996

నా ఆంజనమ్మకు,

నీ తిమ్మప్ప రాసేది. నేను బాగున్నాను. నిన్న మా యజమాని అర్బాబు ఎయిర్‌పోర్టు నుంచి ఒక పెట్టె తెప్పించాడు. పాత చేతిరాత పుస్తకాలంటే ఆయనకు పిచ్చి, ఏ మతానివైనా ఒకటే. కారులోంచి మోసుకెళ్ళి బల్లమీద పెడితే, "షూఫ్, చూడు తిమ్మప్పా, నువ్వు పెయింటరువి గదా" అని తెరిచి చూపించాడు. యూదుల ప్రార్థన పుస్తకమట, వందల ఏళ్ళ నాటిది. వాళ్ళకూ మనలాగే పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరుగా లేవట. అందుకని ప్రతి ప్రార్థనలో మొదటి మాటను మాత్రం పెద్దగా బంగారంతో రాసి, చుట్టూ గడి కట్టి, అందులో తీగలు, పక్షులు, సింహాలు వేశారు. ఒక్క ముక్క చదవలేకపోయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మన పెళ్ళిగోడలే ఆంజనమ్మా! తలుపుపైన నేను శ్రీరస్తు రాస్తుంటే నువ్వు కింద నిచ్చెన పట్టుకుని "వంకర, వంకర" అని అరిచేదానివి. ఊళ్ళో ఏ పెళ్ళింట చూసినా మాట నాది, చుట్టూ చిలకలు నీవి.

ఒక పుటలో బంగారు మాట ఉంది, చుట్టూ గడి ఉత్త తెలుపు. ఎందుకని అడిగాను. "రాసేవాడు వేరు, రంగులేసేవాడు వేరు. రెండోవాడు రాలేదు" అన్నాడు.

ఇక దాచలేను. శివకుమారి పెళ్ళికి వస్తానని రాస్తూనే ఉన్నాను గాని, సెలవు దొరకలేదు. "ఇప్పుడు మాఫీ, లేదు, ఈద్ తర్వాత పో" అన్నాడు అర్బాబు. ఊరందరి పెళ్ళిళ్ళకు రాసినవాణ్ణి, కన్నబిడ్డ పెళ్ళికి రాయలేకపోతున్నాను. ఒక్కటే అడుగుతాను. మన తలుపుపైన ఎవరిచేతా రాయించొద్దు. నా దగ్గర పని నేర్చిన రసూల్ వచ్చినా వద్దు. తెల్లగా వదిలెయ్, అది నా చోటు.

నీ
తిమ్మప్ప


శివకుమారి నాయనకు ఆంజనమ్మ దండాలు.

మీ ఉత్తరం పెళ్ళికి ముందురోజు అందింది. చదివి ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. మాట లేని వాకిట్లో పిల్లను పీటలమీద ఎట్లా కూర్చోబెట్టేది? రసూల్ కుంచె తెచ్చుకుని వచ్చాడు. మీరు వద్దన్నారని కాఫీ ఇచ్చి పంపేశాను. నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. ఇన్నేళ్ళూ కిందనుంచి వంకలు పెట్టినదాన్ని, ఎక్కితే తెలిసింది మీ కష్టం. శ్రీ ఒకపక్కకు వాలింది, స్తు గోడ చివర ఇరుక్కుంది. చూసినవాళ్ళంతా నవ్వారు. చెరిపేద్దామంటే శివకుమారి ఒప్పుకోలేదు. "ఉండనీమా, నాయన వచ్చి చూసి నవ్వల్ల" అనింది.

పెళ్ళి బాగా జరిగింది. అప్పగింతలప్పుడు పిల్ల మీకోసం వాకిలి వైపు చూసింది, అది మాత్రం దాచను.

చిలకలు వెయ్యబోతే చెయ్యి ఆడలేదు. ఈసారి మాట నాది. చుట్టూ గడి తెల్లగానే ఉంది, సున్నం కూడా కొట్టనివ్వను. ఈద్ తర్వాత వచ్చి చిలకలు మీరు వెయ్యండి, నిచ్చెన నేను పట్టుకుంటాను. వంకరగా వేస్తే మాత్రం ఊరుకోను.

ఇట్లు
శివకుమారి అమ్మ
ఆంజనమ్మ