బీరువాలోని గొంతు

హైదరాబాదు,
జూలై 8, 2024.

పూజ్యులైన మామకు,

మేనకోడలు కరుణాకుమారి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడు నరేంద్రబాబూ బాగున్నాం.

ఫోనులో చెప్పవలసిన సంగతి ఉత్తరంలో రాస్తున్నాను. నీకు ఫోను చేస్తే ఎత్తవు. అత్తకు చేస్తే, "రేవుకు పోయినాడమ్మా" అంటుంది. పొద్దున చేసినా రేవే, మధ్యాహ్నం చేసినా రేవే. డెబ్బై రెండేళ్ళ వయసులో పడవ కొన్నావేమోనని నరేంద్రబాబు అనుమానం.

మా బడిలో తెలుగు సెక్షను ఎత్తేశారు మామా. పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు. నలభై నాలుగేళ్ళకు ఇక నాకు వాయిస్ ఓవర్. చాలా భయపడ్డాను. మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుందని విజయభాస్కర్ గారు ధైర్యం చెప్పారు. వారానికి మూడు రోజులు ఆయన దగ్గరకు వెళుతున్నాను. నోరు తెరిపించి, నాలుక తిప్పించి చూస్తున్నారు.

ఈ మధ్య నువ్వే గుర్తొస్తున్నావు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు నన్ను రిక్షాలో బ్యాటరీ పక్కన కూర్చోబెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పేవాడివి. నెత్తిమీద రెండు హారన్లు. నువ్వు మైకులో సినిమా పేరు చెబితే మూడు వీధుల అవతల గేదెలు తల తిప్పేవి.

ఇట్లు,
నీ కరుణాకుమారి

తా.క. గోరువెచ్చని నీళ్ళు తాగమన్నారు. అరవవద్దన్నారు. నరేంద్రబాబు చాలా సంతోషంగా ఉన్నాడు.


జువ్వలదిన్నె,
జూలై 17.

చిరంజీవి సౌభాగ్యవతి కరుణాకుమారికి,

మామ హజరత్తయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మీ అత్త కామమ్మా, ఉప్పుగాలీ, ఎండుచేపల వాసనా అంతా క్షేమం.

నీ ఉత్తరం చదివి మీ అత్త పొయ్యి ఆపేసి కూర్చుంది. గొంతు ఓవర్ అంటే మాటలా. పద్దెనిమిదేళ్ళు పిల్లల మీద అరిస్తే ఏ గొంతు నిలుస్తుంది. నాకూ ఒకసారి పోయింది. సంగం తిరునాళ్ళలో మూడు రోజులు సర్కస్ ప్రచారం చేశాను. నాలుగోనాడు నోరు తెరిస్తే గాలి వచ్చింది. సర్కస్ మేనేజరు, "పులి మాదిరన్నా అరువబ్బా, జనం వస్తారు" అన్నాడు. అదీ రాలేదు. అప్పుడు నన్ను కాపాడింది అతిమధురం. ఒక కట్ట పంపుతున్నాను, బుగ్గన పెట్టుకో.

అత్త దర్గాకు మొక్కుకుంది. నేను పుట్టిందీ, నాకు ఈ పేరు వచ్చిందీ ఆ దర్గా మొక్కువల్లే కాబట్టి సందేహం పెట్టుకోకు. నీ గొంతు తిరిగి వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కింది. తనవి కాదు, నీవి.

నువ్వు మాట మాత్రం మాట్లాడవద్దు. నరేంద్రబాబుకు ఏదైనా చెప్పాలంటే పలక కొనుక్కో. పలక మీద కాపురం చక్కగా సాగుతుంది, నేను చెబుతున్నాను కదా.

ఇట్లు,
మామ హజరత్తయ్య

తా.క. ఆ విజయభాస్కర్ చెవి, ముక్కు, గొంతు మూడూ చూస్తాడా, ఒట్టి గొంతేనా? మూడూ చూసేవాడైతే అడ్రసు పంపు.


హైదరాబాదు,
జూలై 26.

మామకు,

నిక్షేపంగా ఉన్న గొంతుతో కరుణాకుమారి నమస్కారాలు.

వాయిస్ ఓవర్ అంటే గొంతు అయిపోవడం కాదు మామా. మనిషి కనబడకుండా మాట మాత్రం వినబడే పని. ప్రకటనల్లో మాట్లాడేదీ, ఫోనులో ‘ఒకటి నొక్కండి’ అనేదీ నాలాంటి వాళ్ళే. విజయభాస్కర్ గారు డాక్టరు కారు. స్టూడియో నడుపుతూ ఈ పని నేర్పిస్తారు.

మొదటిరోజు నాచేత ఊరగాయ ప్రకటన చదివించారు. బడిలో అలవాటు కదా, గట్టిగా, స్పష్టంగా చదివాను. ఆయన విని, "అమ్మా, ఊరగాయ కొనమంటున్నారా, ఒప్పజెప్పమంటున్నారా?" అన్నారు.

ఇంట్లో సాధన చేయడానికి చప్పుడు పడని చోటు కావాలి. అందుకని గోడ బీరువాలో కూర్చుంటున్నాను. చీరలు చప్పుడును బాగా పీల్చుకుంటాయి. రోజూ రెండు గంటలు లోపలే. నరేంద్రబాబు బయటినుంచి గడియ పెడతాడు.

మొదటి పని కూడా వచ్చింది. ఒక ఆసుపత్రి లిఫ్టులో, ‘తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి వెనక్కి జరగండి’ అనాలి. ఒకే వాక్యం, నలభైసార్లు చెప్పాను. మెమరీ చిప్పులో పెట్టి పంపుతున్నాను. నీ హారన్లు బాగుచేసే యాసీన్ కొట్టులో పెట్టించుకుని విను.

ఇట్లు,
కరుణాకుమారి

తా.క. గొంతు పోనేలేదు కనుక నా జుట్టు సంగతి ఏమిటో అత్తను కనుక్కో.


జువ్వలదిన్నె,
ఆగస్టు 6.

చి.సౌ. కరుణాకుమారికి మామ దీవెనలు. గడియ సంగతి తప్ప మిగతావన్నీ సంతోషం.

ముందు గడియ. ఆడపిల్లను బీరువాలో పెట్టి గడియ వేసే మగవాణ్ణి మన వంశంలో చూడలేదు. చీరలు చప్పుడు పీల్చుకుంటాయని రాశావు. లోపల ఏడ్చినా బయటికి వినబడదని నాకు అర్థమైంది. నరేంద్రబాబుకు విడిగా కార్డు రాశాను. మర్యాదగానే రాశాను. చివరికి వచ్చేసరికి కార్డులో చోటూ, మర్యాదా రెండూ తగ్గాయి.

ఇక లిఫ్టు. చాలా బాగుంది. కానీ ఆ ‘దయచేసి’ ఎందుకు? తలుపు మీదికి వస్తుంటే దయ ఏమిటి. నేను రిక్షా మీద ‘దయచేసి జరగండి’ అంటూ పోయి ఉంటే సగం ఊరు చక్రాల కింద ఉండేది.

నేను మైకు పట్టిన మొదటిరోజు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. సినిమాహాలు ఓనరు కాగితం ఇచ్చి పంపాడు. ఊరు దాటినా నోరు పెగలలేదు. చివరికి ఉప్పుమడుల దగ్గర, మనిషన్నవాడు లేనిచోట రిక్షా ఆపించి, కొంగలకు సినిమా మొత్తం చెప్పాను. ఆఖర్లో ఎవరు చస్తారో కూడా చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళో చెప్పాను. నాకు కొంగలు, నీకు చీరలు. సిగ్గుపడవద్దు.

ఈసారి చిప్పుతోపాటు అందులోని మాటలు కాగితం మీద కూడా రాసి పంపు. మళ్ళీ మళ్ళీ చదువుకుంటాను.

ఇట్లు,
మామ

తా.క. గొంతు పోకపోయినా మొక్కు మొక్కేనట. "పోకుండా కాపాడినారు గదా" అంటోంది మీ అత్త.


హైదరాబాదు,
సెప్టెంబరు 2.

మామకు, కరుణాకుమారి నమస్కారాలు.

నువ్వు రాసింది పోస్టుకార్డు కావడంతో నరేంద్రబాబుకంటే ముందు మా వాచ్‌మన్ చదివాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం తలుపు తట్టి, "అమ్మా, బయటే ఉన్నారా?" అని అడిగి పోతున్నాడు. గడియ లేకపోతే తలుపు తెరుచుకుంటుందని, నేనే పెట్టిస్తున్నానని చెప్పాను. నమ్మలేదు.

ఇప్పుడు అసలు విషయం. తీరం వెంట రేవుల్లో హారన్లు పెట్టి, గాలివానకు ముందు వేటకు వెళ్ళవద్దని రికార్డు చేసిన మాటలు వినిపిస్తారట. ఒక సంస్థ ఆ గొంతు కోసం చూస్తోంది. మీ రేవు కూడా అందులో ఉంది. తొమ్మిదిమందిమి ప్రయత్నిస్తున్నాం. మిగతా ఎనిమిదిమందీ పాతికేళ్ళవాళ్ళు. నేను వారం రోజులుగా చదువుతున్నాను. విజయభాస్కర్ గారికి నచ్చడం లేదు. "వార్తలు చదివినట్టుందమ్మా. ఎవరికో ఏదో జరిగితే మనకెందుకు అన్నట్టుంది" అన్నారు. ఇది కూడా రాకపోతే ఈ పని మానేసి ట్యూషన్లు చెప్పుకుంటానని నరేంద్రబాబుతో అనేశాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పెద్ద గాలివాన ముందురోజు, నువ్వు తడి ఇసుకలో రిక్షా తోయించుకుంటూ రేవంతా తిరిగావు. ఆరోజు ఒక్క పడవా కదలలేదని గుర్తుంది. నువ్వు ఏమన్నావో గుర్తులేదు. ఏమన్నావు మామా? ఎలా అన్నావు?

నా రికార్డింగు చిప్పూ, మాటల కాగితమూ పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పు. నీ చెవి మీదే నాకు నమ్మకం.

ఇట్లు,
కరుణాకుమారి

తా.క. బీరువాలోంచి నేను ‘సముద్రంలోకి వెళ్ళకండి’ అనడం పక్కింటావిడకు వినబడిందట. హైదరాబాదులో సముద్రం ఎటువైపు ఉందని అడిగింది.


జువ్వలదిన్నె,
సెప్టెంబరు 12.

చి.సౌ. కరుణాకుమారికి మామ దీవించి రాయునది.

ఆరోజు నాకు ఒక కాగితం ఇచ్చి పంపారు. గంటకు ఇన్ని కిలోమీటర్ల గాలి, ఇంత ఎత్తు అలలు. సగం రేవు దాకా అదే చదివాను. వల మడుస్తున్న ఒకాయన తల ఎత్తకుండానే, "కిలోమీటర్లు మాకెందుకబ్బా, బస్సెక్కుతామా" అన్నాడు. కాగితం జేబులో పెట్టేశాను. "ఈ పొద్దు పోబాకండయ్యా. కూడు తిని ఇంట్లో ఉండండి. సముద్రం యాడికీ పోదు" అన్నాను. అంతే. అరవలేదు. కంచం పెట్టి పిలిచినట్టు పిలిచాను.

తీరం అంతటికీ ఒకేసారి చెప్పాలనుకోకు. ఒక్క మనిషికి చెప్పు. వాడు నీ ఇంటివాడే, చెప్పులు వేసుకుని గుమ్మం దిగబోతున్నాడు. అలా చెప్పు.

అడిగావు కాబట్టి రాశాను గానీ నీకు ఈ సలహా అక్కరలేదు. చిప్పు యాసీన్ కొట్టు ముందు పెట్టించాను. పక్కనే శివ టీకొట్టు, అక్కడి జనమంతా వచ్చారు. నలభై ఏళ్ళ మైకు బతుకులో ఇంత గొప్పది నేను చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాను. ఒక్క అక్షరం మార్చకు.

ఇట్లు,
మామ హజరత్తయ్య

తా.క. ఈసారి ‘దయచేసి’ ఎక్కడా బరువనిపించలేదు.


హైదరాబాదు,
అక్టోబరు 10.

మామకు,

ఆ పని నాకే వచ్చింది. నువ్వు రాసినట్టు ఒక్క మనిషికి చెప్పాను. చివరి మాట నా గొంతులో కాస్త వణికింది. తప్పయిందేమోనని మళ్ళీ చదవబోతే విజయభాస్కర్ గారు చదవనివ్వలేదు. ముందుగా నీకే చెప్పాలని ఫోను చేశాను. రేవుకు పోయావట.

సంతోషం అంతవరకే. నిన్న బీరువా సర్దుతుంటే, నీకు పంపాననుకున్న చిప్పు చీరల మడతలో దొరికింది. నీకు వచ్చింది వేరేది. మాట మొదలుపెట్టేముందు గది ఎంత నిశ్శబ్దంగా ఉందో చూసుకోవడానికి నలభై సెకన్లు ఖాళీగా రికార్డు చేస్తాం. నీకు పంపింది అది. అందులో నా గొంతు లేదు. ఎవరి గొంతూ లేదు.

దానికి నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. ఒక్క అక్షరం మార్చవద్దన్నావు. అంటే లిఫ్టు కూడా వినకుండానే బాగుందన్నావు. పొగడ్తలు కావాలంటే మా ఆయన ఉన్నాడు, వాచ్‌మన్ ఉన్నాడు. చిన్నప్పుడు మైకులో ఒక మాట తప్పు పలికితే నెత్తిన మొట్టిన మామను అడిగాను నేను. తీరిక లేకపోతే లేదని రాయవలసింది.

కరుణాకుమారి

తా.క. ఫ్యాను కూడా ఆపేసి తీశాను. ఏం విన్నావు మామా?


జువ్వలదిన్నె,
డిసెంబరు 6.

అమ్మా కరుణా,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. నీ మాట మా రేవులో మోగేదాకా ఆగుదామని.

నాకు చెవులు వినబడవు. రెండేళ్ళయింది. నలభై ఏళ్ళు నెత్తిమీద హారన్లు పెట్టుకుని తిరిగినవాడికి ఇది వింతేమీ కాదని నెల్లూరు డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. నీకు చెప్పవద్దని మీ అత్తచేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, ఆమెకు చేతనయిన అబద్ధం ఒక్కటే, దాన్నే రెండేళ్ళుగా వాడుతోంది. నీ మొదటి ఉత్తరం చూసి నీ గొంతు పోయిందనుకున్నాను. గొంతు పోయిన పిల్లకు నా చెవుల సంగతి ఎలా రాయను. అది కాదని తెలిసేసరికి నా చెవి మీదే నమ్మకం అన్నావు. అప్పుడు అసలే రాయలేకపోయాను.

అయినా నీకు ఉత్తుత్తి పొగడ్త ఎప్పుడూ రాయలేదు. హారన్ల హోరులో మైకువాడికి తన గొంతు తనకే వినబడదు. జనం చేతులు చూసుకుంటూ పోతాడు. పని చేసే చెయ్యి ఆగితే మాట చేరినట్టు. ఆగకపోతే మళ్ళీ చెప్పాలి. లిఫ్టు పెట్టించినరోజు శివ టీ వడపోస్తూ ఆగి, రెండడుగులు వెనక్కి జరిగాడు. అందుకే బాగుందని రాశాను.

ఆ రెండో చిప్పు రోజున, గాలివాన గురించి మా కరుణమ్మ చెబుతుంది వినండని యాసీన్ చేత అందరినీ పిలిపించి మీట నొక్కించాను. వలలు బాగుచేసే వాళ్ళ చేతులు ఆగాయి. శివ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందరూ స్పీకరు డబ్బావైపు వంగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, మళ్ళీ వంగారు. అంతసేపూ ఒక్క చెయ్యి కదలలేదు. నా జన్మలో నేను ఎప్పుడూ అంతమందిని అలా నిలబెట్టలేదు. కన్నీళ్ళు ఆగలేదు. మొన్న నీ ఉత్తరం చూపించి అడిగితే యాసీన్ తల గోక్కుని, ‘నువ్వు ఏడస్తా ఉంటే ఏం చెప్పేది అన్నా’ అని పాత బిల్లు వెనక రాసి ఇచ్చాడు.

ఇక బుధవారం సంగతి. పొద్దున్నే రేవుకు పోయాను. సముద్రం రంగు మారింది. అయినా పది, పదిహేను పడవలు బయలుదేరుతున్నాయి, తాళ్ళు విప్పుతున్నారు. హారన్ల స్తంభం మీది కాకులు ఒక్కసారిగా లేచిపోయాయి. నువ్వు మొదలుపెట్టావని అప్పుడు తెలిసింది. ముందు ఒక ముసలాయన చెయ్యి ఆగింది. తరువాత పక్క పడవలో ఇద్దరివి. ఎవరూ తల ఎత్తి స్తంభంవైపు చూడలేదు. ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి ఊరివైపు చూశారు. ముసలాయన విప్పిన తాడును మళ్ళీ కట్టేశాడు. కాసేపటికి అందరూ కట్టేశారు.

నీ గొంతు ఎలా ఉందని నన్ను అడగవద్దు. అది ఏం చేసిందో మాత్రం నా కళ్ళతో చూశాను.

ఇట్లు,
చెవులు పోయినా నోరు తగ్గని
నీ మామ హజరత్తయ్య

తా.క. ఆ ఖాళీ చిప్పు యాసీన్ తిరిగి ఇవ్వడం లేదు. కొట్టు ముందు ఎవరైనా గొడవకు దిగితే, ‘కరుణమ్మ మాట్లాడతా ఉండాది, వినండి’ అని అది పెడుతున్నాడట. చాలా బాగా పనిచేస్తోందట.